తెలీదనే ఒక్క మాట

“తెలీదనే ఒక్క మాట మీద నిలబడండన్నా. మిగతాది నేను చూసుకుంటా,” అన్నాడు లాయరు కోదండరాం, పోలీస్ స్టేషను వరండాలో గొంతు తగ్గించి.

రంగనాథం తలూపాడు. సౌకార్‌పేటలో గాజుల హోల్‌సేలు వ్యాపారి ఆయన. కొండలెక్కే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆ సందుల్లో ఎందుకని ఇన్నాళ్లూ ఆయన్ని ఎవరూ అడగలేదు. పోనీ బండితో సరిపెట్టుకున్నాడా అంటే అదీ లేదు. ఠీవిగా ఉంటుందని దాని ముందు భాగాన లావుపాటి ఇనుప బుల్ బార్ కూడా పెట్టించాడు.

ఆ పొద్దున పురసవాక్కంలో ఒక అమ్మాయి రోడ్డు దాటుతూ ఆయన నడుపుతున్న ఆ బండికి అడ్డం వచ్చింది. వేగం ఇరవై కూడా లేదు. ఉత్త బంపరే తగిలి ఉంటే కాలు విరిగి బతికేదని డాక్టరు చెప్పాడు. ఇనుప కమ్మీ కడుపులో గుద్దింది. బట్టల కొట్టులో బిల్లులు రాసే మధుమిత, ఇరవై రెండేళ్ల పిల్ల, మధ్యాహ్నానికి కన్ను మూసింది.

“బుల్ బార్ పెట్టకూడదని చానామందికి తెలీదన్నా,” అన్నాడు కోదండరాం. “తెలీక పెట్టుకున్నారంటే అజాగ్రత్త కేసు, ఈరోజే బెయిలు. మనిషి చస్తాడని తెలిసీ పెట్టుకున్నారంటే అది వేరే సెక్షను. పదేండ్ల దాకా పడొచ్చు. బిగించినోడు ఏమంటాడు?”

బిగించింది అంబత్తూరు వర్క్‌షాపు పాల్‌రాజ్. వద్దు సార్, ఇది ప్రాణాలు తీసే వస్తువు అని అతను మూడుసార్లు చెప్పాడు. ఆ మూడుసార్లూ రంగనాథం నవ్వేశాడు. ఇందాక అతనే కంగారుగా ఫోను చేసి, “నా దగ్గరున్న మీ సంతకం కాయితం చించేసినా సార్, నన్నూ పట్టుకుంటారు,” అని పెట్టేశాడు. రంగనాథం ఆ మాట చెప్పగానే లాయరు ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటి దగ్గర్నుంచి వాసవాంబ నాలుగుసార్లు ఫోను చేసింది. నువ్వు రావద్దు, ఇంట్లోనే ఉండు అని భార్యను కసిరాడు రంగనాథం. ఆమెకు మొదటినుంచీ ఆ కమ్మీలంటే భయం. పోలీసులు పట్టుకుంటారంట అని వారం రోజులు పోరితే, గవర్నమెంటు పర్మిషన్ తెచ్చానులే అని చెప్పి నోరు మూయించాడు అప్పట్లో.

లోపల ఇన్‌స్పెక్టర్ రంజిత ఇంకా పిలవలేదు. ఎదురు బెంచీ మీద మధుమిత తండ్రి అమరనాథ్ కూతురి హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాని జిప్పు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. చాలాసేపటికి లేచి దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు రంగనాథం. కొట్టినా బాగుండు అనిపించింది.

“అయ్యా, మా బిడ్డను మీరే ఎత్తుకోని ఆస్పత్రికి తీసకపోయినారంట. ఇంకొకరైతే పారిపోయుంటారు.” అతను రెండు చేతులూ జోడించాడు. “ఒగటే అడగతా. అది పెట్టకూడదని మీకు తెలీదు గదా?”

నిజం చెప్పేసి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది రంగనాథానికి. కోదండరాం వెనకనుంచి మోచేయి నొక్కాడు.

“తెలీదు,” అన్నాడు రంగనాథం.

అమరనాథ్ కళ్లు తుడుచుకున్నాడు. “సరేనయ్యా. తెలీక జరిగిందానికి ఎవర్ని ఏమనేది,” అని మళ్లీ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. తన జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు రంగనాథం.

కాసేపటికి లోపలికి పిలిచారు. అమరనాథ్‌నూ రమ్మన్నారు. ఇన్‌స్పెక్టర్ రంజిత తమిళంలో నిదానంగా అడిగింది. బుల్ బార్ నిషేధమని తెలుసా? తెలీదు. మనిషికి తగిలితే ఏమవుతుందో ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. రెండోసారి అబద్ధం చెప్పడం మొదటిసారి కన్నా తేలికైంది. ఆమె రాసుకుని, సంతకానికి కాగితం ఆయన వైపు జరిపింది. కోదండరాం జేబులోంచి పెన్ను తీసి అందించాడు.

ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది. రొప్పుతూ, చెదిరిన జుట్టుతో వాసవాంబ లోపలికి వచ్చింది.

“నిన్ను రావద్దన్నా గదా,” అన్నాడు రంగనాథం.

ఆమె ఆయన వైపు చూడనైనా లేదు. నేరుగా బల్ల దగ్గరికి పోయి, చెంగు చాటునుంచి లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తీసింది. నాలుగు మూలలా పసుపు కుంకుమ బొట్లు. పైన మూడు సింహాల ముద్ర. కింద అంతా ఇంగ్లీషు.

“మా ఆయన చట్టం తప్పే మనిషి కాదమ్మా. ఆ కమ్మీలకు గవర్మెంటు పర్మిషన్ ఉండాది. బండి ఇంటికొచ్చిన రోజే ఈయన నా చేతికిచ్చినారు. అప్పట్నించి పూజ గూట్లోనే పెట్టినా. సూడండి.”

అది ఇరవై రూపాయల స్టాంపు పేపరు. రంగనాథం చెయ్యి చాచేలోపే రంజిత అందుకుంది. ఒకసారి చదువుకుంది. తర్వాత అమరనాథ్ వైపు చూసి, ఆయనకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా తమిళంలోకి తిప్పి పైకి చదివింది.

“ఈ బార్ బండికి పెట్టడం నేరమనీ, మనిషికి తగిలితే ప్రాణం పోతుందనీ పాల్‌రాజ్ నాకు వివరంగా చెప్పాడు. అన్నీ తెలిసే పెట్టించుకుంటున్నాను. ఇట్లు, రంగనాథం.”