పూసిన చెయ్యి

"అక్రోటు పెట్టొద్దంటే విన్నావా? పసిగుడ్డును చంపేసేదానివి కదే!" అర్స్లన్‌బోబ్ ఊరి ఆసుపత్రిలో మస్తూర కోడలిని తిడుతూనే ఉంది. మనవడి ముఖం వాపు అప్పుడే కాస్త తగ్గింది.

"గోరంతే పెట్టానత్తయ్యా," అని ఏడ్చింది జుమ్రద్.

డాక్టరమ్మ బిడ్డ మోచేతి మడతల్లో పగిలిన చర్మం చూసింది. "దీనికేం రాస్తున్నారు?"

"అక్రోటు నూనె," అంది మస్తూర.

"అదమ్మా కొంప ముంచింది! చిన్నప్పుడే నోటితో తింటే ఒంటికి అలవాటవుతుంది. తినకముందే పుండులోంచి దిగితే ఒళ్లు దాన్ని శత్రువనుకుంటుంది. ఎవరు రాశారు?"

మస్తూర తన చేతుల వంక చూసుకుంది. రోజూ ఒళ్లో వేసుకుని, పాట పాడుతూ రాసింది తనే.

"నేనేనండీ," అంది జుమ్రద్, తల వంచుకుని.

కాదు, నేనని చెప్పాలనుకుంది మస్తూర. ఇంతసేపూ తిట్టిన నోరు పెగల్లేదు.