సర్వర్‌లో ఇంకొకరు

“నా వికీని ఎవడో మింగేశాడు!”

బావ పెట్టిన కేకకి రెండో బల్ల దగ్గరున్న బామ్మర్ది ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడుతూనే తన కంప్యూటర్ తెరని కాస్త గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం బావ కంట పడనే పడింది.

వాళ్ళిద్దరిదీ వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న దుకాణం. ఇల్లు మేడమీద, పని కింది గదిలో. పశువైద్యుల సంఘం వాళ్ళు ఒక వికీ అడిగారు. ఏ పశువుకి ఏ జబ్బొస్తే ఏం చెయ్యాలో డాక్టర్లందరూ కలిసి రాసుకుని, కలిసి దిద్దుకునే సైటు అన్నమాట. సాయంత్రం సభలో దాన్ని అందరికీ చూపించాలి. ఆ పని తనకిమ్మని బామ్మర్ది నిన్న అడిగాడు. “నీకింకా చెయ్యి తిరగలేదురా” అనేశాడు బావ. అప్పట్నుంచీ వాడి మూతి ముడుచుకునే ఉంది. పైగా సంఘం పెద్ద, పశువుల డాక్టరుగారు, “మీ బామ్మర్ది భలే చురుకండీ” అని ఫోన్‌లో మెచ్చుకోవడం ఒకటి. ఆ మాట బావకి రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది. రేపు దుకాణం వీడి చేతికి పోతే తన గతేమిటి?

నిజానికి పని చకచకానే మొదలైంది. సైట్లుండే అద్దె కంప్యూటర్లు, అదే లినక్స్ సర్వర్లు, ఆయనకి కొట్టినపిండి. సర్వర్ చిరునామాలోని అంకెల దగ్గర్నుంచి ఆజ్ఞల దాకా అన్నీ వేళ్ళకే వచ్చు, కాగితం చూసే పనే లేదు. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ మొదట్లో అందరికీ ఒకే పాస్‌వర్డు ఇస్తుంది. పనయ్యాక మార్చుదాంలే అనుకుని దాంతోనే లోపలికి వెళ్ళాడు. వికీ ఫైళ్ళు దింపి, విప్పి, మంచినీళ్ళు తాగొచ్చేసరికి మొత్తం మాయం.

సర్వర్‌లో ఎవరెవరున్నారో చూపించే ఆజ్ఞ కొట్టాడు. రెండు వరసలు వచ్చాయి. ఒకటి తనది.

“ఒరేయ్, ఏం చేస్తున్నావ్?”

“నా పని నేను చేసుకుంటున్నా బావా.”

“ఏదీ, ఆ తెర ఇటు తిప్పు.”

“ఎందుకు?”

“ఎందుకో నీకు తెలీదూ?”

బామ్మర్ది తిప్పలేదు. వాడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

బావ పళ్ళు నూరుకుంటూ వికీని మళ్ళీ దింపాడు. ఓరకంట బామ్మర్దిని చూస్తూనే సర్వరంతా గాలించాడు. ఒక మూల ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ గొంతు’ అనే ఫోల్డర్ కనిపించింది. నిండా ఆడియో ఫైళ్ళే.

అప్పుడే ఆయన భార్య టీ కప్పులతో మెట్లు దిగి వచ్చింది.

“చూశావా నీ తమ్ముడి నిర్వాకం? డాక్టర్ల సర్వర్‌లో సొంత సామాను సర్దుకున్నాడు. మీ అమ్మ గొంతట! ఆవిడ రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి నా బుర్ర తింటుంది. ఆ గొంతు కూడా దాచుకోవాలా?”

“నాకేం తెలీదక్కా. నేను దాని జోలికే పోలేదు.”

“మరి ఆ తెర దాచుకోవడం దేనికిరా?” అంది అక్క మెల్లగా.

వాడు తెర మీది ఉద్యోగ దరఖాస్తుని గబుక్కున మూసేశాడు. కంప్యూటర్ కట్టేసి లేచాడు. “నామీద నమ్మకం లేనిచోట నాకేం పని?” అంటూ టీ కూడా ముట్టుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

“వెళ్ళనీ. పీడా పోయింది” అన్నాడు బావ.

ఇంతలో తెర మీద ఒక సందేశం మెరిసింది. లోపలున్న రెండో మనిషి పంపినది.

‘మీరెవరు? దయచేసి ఆపండి. ఆ ఫోల్డర్ ముట్టుకోకండి. మా అమ్మ పోయింది. పాత ఫోన్ పాడైంది, ఇంకో కాపీ లేదు.’

“బతికున్న తల్లిని చంపేశాడు చూడు, నా పని చెడగొట్టడానికి!”

భార్య వంగి చదివింది. ఆమె మొహం మారిపోయింది. “మా వాడు అమ్మ గురించి ఆటకైనా ఇలా రాయడండీ. అయినా వాడిప్పుడు బయట ఉన్నాడు కదా?”

“చేతిలో ఫోన్ లేదూ? నా చెవిలో పువ్వు పెట్టాలని చూస్తున్నాడు.”

“ఒక్కసారి వాడికి ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

“అడిగితే ఒప్పుకుంటాడా?”

ఆయన తుడిచేసే ఆజ్ఞ కొట్టాడు. ఫోల్డర్ పోయింది. పాస్‌వర్డు మార్చి, రెండో మనిషిని బయటికి నెట్టేశాడు. ఇక అడ్డేమీ లేకపోవడంతో వికీ మొదటి పేజీ తెల్లగా తెరుచుకుంది. మీసం ఉంటే మెలేసేవాడే.

డాక్టరుగారికి ఫోన్ కలిపి, భార్యకి వినపడాలని స్పీకరు నొక్కాడు.

“డాక్టరుగారూ, మీ వికీ సిద్ధం! సైటు తెరిచి చూసుకోండి.”

“ఖాళీ పేజీయే వస్తోందండీ.”

“మళ్ళీ తెరవండి.”

“మళ్ళీ తెరిచా. అంతే.”

“అయితే కంపెనీ ఇచ్చిన పేజీలోకి వెళ్ళండి. సర్వర్‌లోకి ఎవరెప్పుడు వచ్చారో అన్నీ అందులో ఉంటాయి. నేనూ కనిపిస్తాను, నా తర్వాత దూరిన దొంగా కనిపిస్తాడు. మా ఇంటావిడకి కూడా వినపడేలా గట్టిగా చదవండి.”

డాక్టరుగారు కాసేపు వెతికారు. తర్వాత మొహమాటంగా గొంతు సవరించుకున్నారు.

“మా సర్వర్‌లోకి ఇవాళ ఎవరూ రానేలేదండీ.”