రెండింటిదాకా నీళ్ళు రావు

“పదిహేడో నంబరు పడవ ఎప్పుడు తిరిగొస్తుందండీ?”

గొలుసు బాబాయి రిజిస్టరులోంచి తలెత్తాడు. గది కిటికీ అవతల ఒకావిడ. చేతిలో బ్యాగు, పక్కన ఆరేళ్ళ పిల్ల. ఇద్దరూ పరుగెత్తుకొచ్చినట్టు ఆయాసపడుతున్నారు.

సరదాకి చేపలు పట్టుకోవడానికి వచ్చేవాళ్ళు సొంత పడవలు సముద్రంలోకి దించుకునే ర్యాంపు అది. అడ్డంగా ఉన్న గొలుసు తీసి వేయడం, ఎవరెప్పుడు వెళ్ళారో రాసుకోవడం, ఏ రాళ్ళ దగ్గర గాలం వేస్తే చేప పడుతుందో చెప్పడం ఆయన పని. ఆ గొలుసే ఆయన పేరై కూర్చుంది.

“పొద్దున ఆరింటికి వెళ్ళాడమ్మా. పన్నెండుకి వస్తానని రాశాడు గానీ రాలేడు. అటు చూడు, నీళ్ళు వెనక్కి తీసేశాయి. మళ్ళీ పోటెక్కితే గానీ పడవ ఇటు రాదు. రెండు దాటుతుంది.”

“రెండింటిదాకా రాలేడా? ఖచ్చితంగా?”

“ఎలా వస్తాడు? బురదలో కూరుకుపోడూ?”

ఆవిడ కళ్ళు మూసుకుని కిటికీ చట్రం పట్టుకుంది. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఇంకా మూడు గంటలా అని నీరుగారిపోయింది కాబోలు, పాపం అనుకున్నాడు బాబాయి.

“ఫోన్ చేసి చూడకపోయావా?”

“నా ఫోను కూడా ఆయన దగ్గరే ఉందండీ. మీది ఒక్కసారి ఇస్తారా?”

ఇచ్చాడు. ఆవిడ గోడవైపు తిరిగి గొంతు తగ్గించి మాట్లాడింది. “అన్నయ్యా, నేను. ఆయన సముద్రం మీదున్నాడు. పిల్లా నేనూ ర్యాంపు దగ్గరున్నాం. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. త్వరగా రా.”

ఫోను తిరిగిచ్చింది. “ఒంటిగంటకల్లా వస్తాడట,” అంది.

బాబాయి వాళ్ళను లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. పిల్ల గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

“అమ్మా, నాన్న వచ్చేస్తాడా?”

“ఊరుకో,” అంది తల్లి. ఆవిడ చూపు సముద్రం మీంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి సముద్రం మీదికి తిరుగుతూనే ఉంది.

“బ్యాగులో పొడి బట్టలా? మంచి పని చేశావు,” అన్నాడు బాబాయి, ఏదో ఒకటి మాట్లాడాలని.

ఆవిడ తలూపింది.

గాలి జోరు పెరిగింది. దూరంగా అలల మీద తెల్లటి నురగ. పోయిన వానాకాలం ఇదే కుర్చీలో ఇంకో ఇల్లాలు ఇలాగే కూర్చుంది. చేపలు పడుతుంటే మగాళ్ళకి టైము తెలీదమ్మా, వస్తాడులే అని సాయంత్రందాకా సర్దిచెప్పాడు తను. చివరికి బోర్లాపడ్డ పడవ ఒక్కటే దొరికింది. అప్పుడామె తనని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా కొంత నయంగా ఉండేది.

“గస్తీ బోటు వాళ్ళకి చెబుతానమ్మా,” అన్నాడు లేస్తూ.

ఆవిడ చివాల్న లేచింది. “వద్దండీ. రెండింటికి వస్తాడుగా.”

“గాలి చూశావా?”

“ఆయనకి ఇలాంటివి నచ్చవు. కోపమొస్తుంది.”

“వస్తే నా మీద పడనీ.”

“మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి.”

మొగుడికి ఇబ్బందని ఇంత బెంగలోనూ వెనకాడుతోంది, పిచ్చితల్లి. సరేలే అన్నట్టు తలాడించి, గది వెనక్కి వెళ్ళాడు. గస్తీ బోటు నంబరుకి మూడుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తారు.

“నీళ్ళు తీసినప్పుడు ఎవరూ రారని నీకు తెలీదా బాబాయ్?” విసుక్కున్నాడు బోటు డ్రైవరు.

“ఆ అమ్మాయి మొహం చూస్తే నువ్విలా మాట్లాడవు. ఒక్కసారి వెళ్ళిరా నాయనా. పోయినసారి పాపం ఇంకా నా నెత్తి మీదే ఉంది. ఇంకొకటి మోయలేను.”

“సరే, పడవ నంబరు చెప్పు,” అన్నాడు డ్రైవరు.

ఆ తర్వాత గంటసేపు బాబాయి కూర్చోలేదు, నిలబడలేదు. పన్నెండున్నరకి ఫోను మోగింది. డ్రైవరు చెప్పింది విని, పంచెతో కళ్ళు తుడుచుకుని గదిలోకొచ్చాడు.

“దొరికాడమ్మా. పెద్ద రాళ్ళ చాటున లంగరేసుకుని హాయిగా గాలం వేసుకుంటున్నాడట. పడవ అక్కడే వదిలేసి, మనిషిని తమ బోటులో తీసుకొస్తున్నారు. ఆ పక్క జెట్టీ దగ్గర ఎప్పుడూ లోతే, పోటుతో పని లేదు. పది నిమిషాల్లో మీ ముందుంటాడు.”

ఆవిడ కదల్లేదు. “నేనిక్కడున్నానని చెప్పారా?”

“చెప్పకేం? మీ ఆవిడ పిల్లని, బ్యాగుని పట్టుకుని నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోందని చెప్పించాను.”

పిల్ల బల్ల కిందికి దూరింది. గస్తీ బోటు మలుపు తిరిగి జెట్టీ వైపు వస్తోంది. ముందు భాగంలో నిలబడ్డ మనిషి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సరిగ్గా ఈ గది వైపే చూస్తున్నాడు. రోడ్డు మీద ఆవిడ అన్న కారు జాడే లేదు.

“ఏడుస్తావేమ్మా, గండం గడిచింది కదా?”

ఆవిడ బల్ల కింద నుంచి పిల్లని లాగి చంకనేసుకుంది.

“ఆయన ఒడ్డుకి వచ్చేలోపు పారిపోదామనుకున్నామండీ.”