మూడో ‘తెలీదు’

“పేతురుకి జ్వరమండి! నూట మూడు!” నాటకానికి శబ్దాలు వేసే ఆశీర్వాదం ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

నరసాపురం చర్చి ఆవరణలో గుడ్‌ఫ్రైడే నాటకం ఇంకో పావుగంటలో మొదలవ్వాలి. కుర్చీలన్నీ నిండిపోయాయి. నాటకం వేయిస్తున్న సువార్తమ్మ టీచరుకి కాళ్లూ చేతులూ ఆడలేదు. రెండు నెలల కష్టం గోదాట్లో కలిసేలా ఉంది.

అప్పుడే స్టేజీ మీద వల పరిచి నడుం ఎత్తాడు సత్తియ్య. ఆ వల అతనిదే. నాటకానికి కావాలంటే గోదారి మధ్య లంకలోంచి మోసుకొచ్చాడు.

“సత్తియ్యగారూ, మీరే పేతురు!”

“మేం గంగమ్మకి మొక్కుకునేవాళ్లమండి టీచరుగారూ. నాకీ కథే తెలీదు.”

“తెలియక్కర్లేదండి. పేతురూ మీలాగే చేపలు పట్టేవాడు, ప్రభువుకి శిష్యుడు. ప్రభువుని కట్టేసి తీసుకొస్తారు. ‘ఆయన నీకు తెలుసా’ అని మిమ్మల్ని మూడుసార్లు అడుగుతారు. భయపడి మూడుసార్లూ తెలీదనాలి. మూడోది అనగానే ఆశీర్వాదం ఫోన్లో కోడి కూస్తుంది. మీరు ఏడవాలి. అంతే!”

“తెలీదనడానికేముందండి,” అంటూ అంగీ తొడుక్కున్నాడు సత్తియ్య.

తెర లేచింది. ప్రభువు వేషంలో ఉన్న ఉదయ్‌కుమార్ తల వంచుకుని నిలబడ్డాడు. భీమవరం నుంచి వచ్చిన కుర్రాడు. జుట్టంతా మొహమ్మీద పడి ఉంది.

పనిమనిషి వేషం వేసిన సారిక అడిగింది.

“ఆయన నీకు తెలుసా?”

“తెలీదండి.”

ఆ మాటలో నటనన్నదే లేదు. జనంలో గుసగుసలు ఆగిపోయాయి. రెండోసారీ అలాగే అన్నాడు. సువార్తమ్మ తెర పక్కనుంచి తొంగి చూసింది. ఇరవయ్యేళ్లుగా వేయిస్తోంది, ఇంత నిజంగా అబద్ధమాడిన పేతురుని చూడలేదు.

అంతలో కొంప మునిగింది. భటుడు తాడు లాగిన లాగుడికి ప్రభువు విగ్గూ గడ్డమూ ఊడి కిందపడ్డాయి. పిల్లలు కిసుక్కుమన్నారు. ఉదయ్‌కుమార్ బిక్కమొహం వేసి తలెత్తాడు.

సారిక గబగబా మూడోసారి అడిగేసింది. సత్తియ్య ఓ అడుగు ముందుకేశాడు. ప్రభువు మొహంకేసే చూస్తున్నాడు.

“తెలీదనండి!” తెర పక్కనుంచి సువార్తమ్మ బతిమాలింది. ఆశీర్వాదం కోడి కూత మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

సత్తియ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు. నవ్వుతున్న పిల్లలు కూడా నోళ్లు మూసుకున్నారు.

“ఎలా అనమంటారు టీచరుగారూ? పోయినేడు వరదల్లో మునిగిపోతున్న నన్ను చెయ్యి పట్టుకుని పైకి లాగి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయింది ఈయనేనండి!”