ఇరవై అయిదో కృతజ్ఞత

“గ్రీకు అక్షరాలు నాకు కొట్టిన పిండి. ఆల్ఫా నుంచి మొదలెట్టి లక్ష దాకా నంబర్లు వేయిస్తా!” అన్నాడు తమ్ముడు, అక్క థీసిస్‌లోని కృతజ్ఞతలకి వరస నంబర్లు పెడుతూ.

ఇరవై నాలుగు దాటగానే కంప్యూటరు మొరాయించి, ఒక్క పేజీ కూడా ప్రింటివ్వనంది. గ్రీకులో ఉన్నవే ఇరవై నాలుగు అక్షరాలు.

గడియారం నాలుగున్నర. అయిదింటికల్లా థీసిస్ యూనివర్సిటీ ఆఫీసులో పడకపోతే అక్క ఆరేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే. గోళ్లు అయిపోయి, ఆమె పెన్ను మూత నమలడం మొదలెట్టింది.

“కృతజ్ఞతలే ఇరవై అయిదున్నాయి. చివరిది పీకేద్దామక్కా.”

“ఎవరిదో చూసి పీకరా, సన్నాసీ!”

చూశాడు. పొద్దున అక్క తనే టైపు చేసిన వాక్యం: ‘తన పరీక్షలు పక్కన పెట్టి ఈ పేజీలన్నీ పేర్చిన మా తమ్ముడికి.’

“అది ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా,” అంది అక్క. “మొదటిది తీసెయ్.”

“అది మీ గైడు సారుది! సంతకం పెట్టాల్సింది ఆయనే!”

“గ్రీకు నంబర్లే కావాలని పట్టుబట్టిందీ ఆయనేగా! అనుభవించనీ.”

తమ్ముడి వేలు మీట మీదే ఆగిపోయింది.

“అక్కా... సారు అడగలేదు. గొప్పగా ఉంటాయని నేనే పెట్టి, ఆయన మీదకి తోసేశా. మామూలు ఒకటీ రెండూ వేస్తే నిమిషంలో అయిపోతుంది. చెయ్యి మాత్రం... అవి వేశాక విరగ్గొట్టు.”