జింకల కోసం ఒక మడి

కోరీన్ రంపం ఆపి వెనక్కి తిరిగేసరికి చెట్ల మధ్య ఎవరో నిలబడి ఉన్నారు.

పొడవాటి మనిషి. అరవై దాటి ఉంటాయి. చేతులు జేబుల్లో పెట్టుకుని, ఆమె పడగొట్టిన చెట్లను చూస్తున్నాడు.

"జింకలకు మేత వేస్తున్నారా?"

ఈ అడవి మాది, మీకేం పని అని అడిగింది కోరీన్.

ఒకప్పుడు ఇటు వేటకు వచ్చేవాడినన్నాడు. పేరు చెప్పలేదు. దక్షిణం వైపున్న పెద్ద మేపుల్ చెట్టును చూపించి, అది కొట్టకపోతే మడిలో ఎండ పడదన్నాడు.

"ఇంట్లో ఆయన రారా, సాయానికి?"

ఆ ఆరా ఆమెకు నచ్చలేదు. జవాబు చెప్పకుండా రంపం ఎత్తుకుంది.

ఇంట్లో ఆయన, మెరిల్, మంచం నుంచి కిటికీ దాకా నడిస్తేనే ఆయాసపడతాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకు ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టమే. మంచు పడేదాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు. వాళ్లది లేటు వయసు పెళ్లి, పిల్లలు లేరు. మెరిల్ వైపు నుంచి వచ్చిపోయేది పిన్ని హిల్డర్ ఒక్కతే.

డాక్టరు ఆ మాట అన్నాకే మెరిల్ ఈ మడి సంగతి ఎత్తాడు.

జన్మంతా జింకల వెనక తిరిగినవాడు. మేత వేసి వాటిని పిలిచేవాళ్లను చూసి, అదేం వేట అని వెక్కిరించేవాడు. ఇప్పుడు తన కాళ్లు కదలవు కనుక జింకలే రావాలి. ఎక్కడ ఏం చేయాలో దుప్పటి మీద వేలితో గీసి చూపించాడు. ఇంటి వెనక చెట్లు పల్చగా ఉన్న చోట మడి. అక్కడ ఆకులు ఊడ్చి, నేల పులుపు విరగడానికి సున్నం చల్లి, వేసవి చివరి వానకు ముందు జింకలు ఇష్టంగా మేసే క్లోవర్ గడ్డి గింజలూ, రై ధాన్యం గింజలూ వేయాలి. గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి జింకలు మనిషి వాసన పట్టకుండా తూర్పు అంచున చిన్న గుడిసె. అందులో తన కుర్చీ.

"నవంబరులో వేట మొదలయ్యే రోజు నన్ను అందులో కూర్చోబెట్టు, చాలు. తుపాకీ పేల్చకపోయినా ఫరవాలేదు."

కోరీన్ వేట ఎరగదు. అయినా నవంబరు అన్న మాట అతని నోట వచ్చింది కదా అని రంపం పట్టింది.

మర్నాడు ఆమె వెళ్లేసరికి పెద్ద మేపుల్ నేలమీద ఉంది. కొమ్మలు నరికి పక్కన పేర్చి ఉన్నాయి.

తర్వాత ఒకరోజు ఆకులన్నీ ఊడ్చి ఉన్నాయి. ఇంకోరోజు మడంతా సున్నం తెల్లగా పరుచుకుని ఉంది.

ఆమెకు సంతోషం కలగలేదు, భయం వేసింది. మెరిల్ పోతే ఆ అడవి కొనేద్దామని చూసేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఒకడైతే ఇంటికే వచ్చి అడిగాడు. ఇతనూ ఆ బాపతే, ముందే పాతుకుపోవాలని చూస్తున్నాడనుకుంది.

మెరిల్‌కు చెప్పలేదు. చెబితే ఆయాసం ఎక్కువవుతుందని భయం. పనంతా నువ్వే చేస్తున్నావా అని అతను అడిగితే అవునంది. మెరిల్ ఫోను తీసి చూసి, మళ్లీ దిండు కింద పెట్టేశాడు.

గింజలు చల్లే రోజున ఆ మనిషి మళ్లీ ఎదురుపడ్డాడు. దంతెతో నేల గీరుతున్నాడు.

"మా ఆయన ఇంకా బతికే ఉన్నాడు," అంది కోరీన్. "పోయేదాకా అయినా ఆగండి."

అతను గీరడం ఆపాడు.

"ఆ మాట ఆయన అన్నాడా?"

ఇతన్ని వదిలించుకుంటే చాలనిపించింది ఆమెకు.

"ఆయనే అన్నాడు. మిమ్మల్ని ఈ చుట్టుపక్కల కనబడొద్దన్నాడు."

అతను దంతెను చెట్టుకు ఆనించాడు. కాసేపు ఇంటి వైపు చూశాడు.

"తిండి సయిస్తోందా ఆయనకి?"

"మీకెందుకు?"

అతను తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వాన పడింది. క్లోవర్ మొలిచింది. సాయంత్రాలు ఆడజింకలు పిల్లలతో వచ్చి మేస్తున్నాయి. కోరీన్ ఫోన్లో ఫొటోలు తీసుకెళ్లి చూపిస్తే, బాగుందని మెరిల్ అటు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత మడి గురించి అడగడం మానేశాడు. తినడమూ తగ్గించేశాడు. నవంబరు దగ్గరికొస్తోందని ఆమె గుర్తు చేస్తే ఊకొట్టేవాడు, అంతే.

అక్టోబరులో, ఆకులన్నీ రాలిపోయాక, ఒక మధ్యాహ్నం పోయాడు.

చర్చి వెనక సమాధి దగ్గర కొద్దిమందే ఉన్నారు. కంచె పక్కన ఆ మనిషి కనబడేసరికి కోరీన్‌కు ఒళ్లు మండింది. మట్టి ఆరకముందే తయారయ్యాడు. నాలుగు మాటలు అనే వద్దామని అటు కదిలింది.

ఆమెకంటే ముందే హిల్డర్ కర్ర ఊతంతో వెళ్లి అతని కోటు పట్టుకుంది.

"ఇప్పుడా రావడం? వాడు వేసవిలోనే ఫోన్ చేశాడు కదరా నీకు. జింకల మడి ఇద్దరం కలిసి వేద్దాం, వచ్చెయ్ అన్నాడు కదా. నువ్వు రాకపోతే చిన్నతనమని పెళ్లానికి కూడా చెప్పుకోలేదు. రాలేదు, రాలేదు అని కుమిలి కుమిలి పోయాడు."

కోరీన్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

అతను కోరీన్ వైపు చూడలేదు.

"వచ్చాను. అడవి దాకా వచ్చాను," అన్నాడు. "ఇన్నేళ్లు మాటల్లేకుండా ఉండి, గడప ఎక్కడానికి నాకే మొహం చెల్లలేదు."

హిల్డర్ కళ్లు తుడుచుకుని కోరీన్ వైపు తిరిగింది.

"నువ్వెప్పుడూ చూడలేదు కదూ తల్లీ. వీడు ఓర్విల్. నీ మరిది."