ఫ్రిజ్‌లో సరస్సు

కరెంటు చాలక శీతల గోదాములు మూతపడ్డాక, హిమాలయ సరస్సుల అడుగు నుంచి తీసిన మట్టి నింపిన గొట్టాలను ఇంటికొకటి చొప్పున ఫ్రిజ్‌లో దాచమని పంచారు. వేల ఏళ్ల ఎండావానల ఆనవాళ్లు ఆ మట్టి పొరల్లోనే ఉన్నాయి. మా అత్తయ్య గౌరీశమ్మ పెరుగు గిన్నె బయటపెట్టి మరీ గొట్టానికి చోటిచ్చింది.

ఇవాళ ఫ్రిజ్‌ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఎండలు ఎప్పుడూ ఇంతేనని ప్రభుత్వం తేల్చేసిందమ్మా. ఇకమీదట ఫ్రిజ్‌లో తిండి వస్తువులే ఉండాలి. ఆ మట్టి పారేయండి."

అత్తయ్య గొట్టం మూత తీసింది. అన్నిటికన్నా పైనుండేది మన కాలపు పొర. కింది వానల జోలికి పోకుండా, దాన్నే చిటికెడు గిల్లి నోట్లో వేసుకుంది. ఇసుక పళ్లకింద కరకరలాడింది. మింగేసింది.

"తిండే బాబూ," అంది. "రాసుకో."